మైకు నిలిపే బొమ్మన్న

మా తట్టు పెళ్లి కుదిరితే పంచాంగం చూసే అయ్యవారి దగ్గరికి పోకముందే బొమ్మన్న ఇంటికి పరిగెత్తేవాళ్లు ఉండేవారు. ముహూర్తం ఒకటి కాకుంటే ఇంకొకటి దొరుకుతుంది. బొమ్మన్న మైకుసెట్టు మాత్రం ఒకటే. వై.ఎన్.హొసకోట చుట్టూ పది పన్నెండు ఊళ్లలో పెళ్లయినా, పేరు పెట్టినా, మారెమ్మ జాతరైనా ఆ రెండు హారన్లు మోగాల్సిందే. మైకు మోగని పెళ్లి దొంగపెళ్లి కింద లెక్క.

ఆయన్ను పిలవడానికి ఒక పద్ధతి ఉండేది. పళ్లెంలో వక్కాకు, అంటే తాంబూలం, పెట్టుకుని పోవాలి. మనుషుల్ని పంపిస్తే రాడు, చీటీ రాసిస్తే చూడడు. ఇంటి పెద్ద పోయి పళ్లెం ముందు పెడితే, దానివైపు చూడకుండా మూడు ప్రశ్నలు వేసేవాడు. ఏ దినం? ఏ ఊరు? హారన్ ఏ తట్టు తిప్పాల? మొదటి రెండింటికీ ఎవరైనా జవాబు చెప్తారు. మూడోదాని దగ్గరే ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. హారన్ మూతి ఏ ఊరి వైపు ఉంటే పాట ఆ ఊరికి బాగా వినిపిస్తుంది కదా. మాటలు లేని వియ్యంకుడి ఊరు, పిల్లనివ్వనన్న మేనమామ ఊరు, పంచాయతీలో ఓడించినవాడి ఊరు, ఇలా ఎవరి కడుపుమంట వాళ్లది. "ఆ తట్టు తిప్పు బొమ్మన్నా, విననీ, విని ఏడ్వనీ" అనేవాళ్లు. ఆయన నవ్వి తల ఊపేవాడు. రెండో హారన్ గురించి మాత్రం ఎవరినీ అడిగేవాడు కాదు. అది ఎప్పుడూ ఆయన సొంత ఊరి వైపే తిరిగి ఉండేది.

జవాబులన్నీ విన్నాక వక్కాకు తీసుకుని కళ్లకద్దుకునేవాడు. అంతే, ఇక తిరుగులేదు. ఒకసారి నడిమిపల్లి పెళ్లికి బయలుదేరుతుంటే తేలు కుట్టింది. కాలికి మందాకు కట్టుకుని, ఆ కాలు బెంచీ మీద చాపుకుని, పళ్లు కొరుక్కుంటూ సాయంత్రం దాకా పాటలు వేశాడు. "వక్కాకు పట్టినాక మాట తిరగరాదప్పా" అనేవాడు.

ఇదంతా ఆయన్ను ఎరిగినవాళ్లకు తెలిసిందే. తొంభైల్లో ఆయన్ను పిలిపించుకున్నవాళ్లకు ఇంకొకటి కూడా తెలుసు. గంటకో గంటన్నరకో ఒకసారి, ఎంత మంచి పాటైనా సరే, నడిమధ్యలో నిలిపేసేవాడు. రెండు మూడు నిమిషాలు మైకు ఉలుకూ పలుకూ లేకుండా ఉండేది. పిల్లలు గోల చేసేవాళ్లు, పెద్దలు కసిరేవాళ్లు. "మిషన్ కాగింది, చల్లారనీ" అనేవాడు బొమ్మన్న. ఎండాకాలంలో కాగిందంటే నమ్మొచ్చు. మాఘమాసం చలిలో, మనుషులు దుప్పట్లు కప్పుకుని కూర్చున్న పెళ్లిలో కూడా ఆయన మిషన్ కాగేది. దాంతో ఆయనకు మైకు నిలిపే బొమ్మన్న అని పేరు పడింది. ఆ పేరు పెట్టి ఎగతాళి చేసినవాళ్లలో నేను లేను. ఆయన మిషన్ ఏనాడూ కాగలేదని నాకు తెలుసు.

నా పేరు లింగప్ప. మాది చింతలపాళ్యం. శెనక్కాయ పండించుకునేవాణ్ణి. రాష్ట్రం కన్నడది కాబట్టి కన్నడ బడిలో చదువుకున్నాను, తెలుగు అక్షరాలు మా నాయన నేర్పాడు. ఆ అక్షరాలతో ఎప్పుడైనా ఒక పనికొచ్చే మాట రాయాలంటే ఇదే రాయాలనుకున్నాను. రాసినందువల్ల చేసింది చెరిగిపోదని కూడా తెలుసు.

బొమ్మన్న ఊరు గుట్టకిందపల్లి. మా ఊరికి మైలున్నర. మధ్యలో ఎప్పుడో గాని పారని ఒక వంక, మిగతాదంతా శెనక్కాయ చేలు. వాళ్లు ముందు గొర్రెల మంద మేపినవాళ్లు. బీళ్లన్నీ దున్ని శెనక్కాయ వేయడం మొదలయ్యాక మేపడానికి చోటు లేకపోయింది. ఎనభై ఒకటిలో బొమ్మన్న మందలో సగం అమ్మి పావగడ పోయాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సు టాపు మీద నుంచి రెండు హారన్లు, ఒక ఆంప్లిఫయరు, రికార్డు ప్లేయరు, ఒక పాత లారీ బ్యాటరీ దించాడు. వాళ్లమ్మ దాసమ్మకు అప్పటికే కళ్లకు పొర వచ్చింది. చేతులతో హారన్ మూతి తడిమి చూసిందట.

"గొర్రె అర్సినా అర్థముండాది రా. ఆకలైందనో, పిల్ల తప్పిందనో అరుస్తాది. ఇదెందుకు అర్సాల?" అందట.

ఆ మాట అన్న దాసమ్మే ఆ మైకుకు అందరికన్నా పెద్ద అభిమాని అయింది. కళ్లు పోయినకొద్దీ ఆమె చెవులు పదునెక్కాయి. కొడుకు ఏ ఊళ్లో మైకు పెట్టినా ఇంటి ముందు తిన్నె మీద కూర్చుని వినేది. గాలివాటం చూసి "ఈ పొద్దు నడిమిపల్లిలో ఉండాడు" అని చెప్పేది. పాటలు ఆమెకు అర్థమయ్యేవని నేననుకోను. ఆమెకు కావలసింది పాట కాదు, అది ఆగడం. మైకు నిలిచిందంటే కొడుకు సర్దుకుని బయలుదేరాడని. "ఒసే నల్లమ్మా, మైకు నిలిచింది, ఎసరు పెట్టు" అని కోడలికి కేక వేసేది. బొమ్మన్న సామాను సైకిలుకు కట్టుకుని ఇల్లు చేరేసరికి వేడి సంగటి సిద్ధంగా ఉండేది. రెండో హారన్ ఎప్పుడూ సొంత ఊరి వైపు ఎందుకు ఉండేదో ఇప్పుడు మీకు తెలిసింది. నాకూ తెలుసు, ఆ తిన్నె మీద కూర్చుని ఆ సంగటి నేనూ తిన్నాను.

ఎనభై ఆరు వైశాఖంలో మా చెల్లెలు గంగాదేవి పెళ్లి. అంతకు ముందు రెండేళ్లూ వాన లేదు. విత్తిన శెనక్కాయ గింజ కూడా చేతికి రాలేదు. అంతకు ముందే ఒక సంబంధం మాట్లాడుకున్నాక అవతలివాళ్లు తప్పుకోవడంతో ఊళ్లో మా తల వంగింది. ఈసారి మడకశిర తట్టు నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి మంచివాడు. వాళ్ల పెదనాయన శ్రీరామప్ప మాత్రం పప్పులో ఉప్పు తక్కువైనా పందిరి దిగి పోయే రకం. ఆయన పెట్టిన షరతు ఒకటే. "కరువని మాకూ తెలుసప్పా. ఏం పెట్టినా తింటాము. మైకుసెట్టు మాత్రం ఉండల్ల, మేళం మోగల్ల."

మేళగాళ్లు ఆ కరువులో కూలి పనికి బెంగళూరు పోయారు. బొమ్మన్న దగ్గర నాదస్వరం రికార్డు ఒకటి ఉండేది. తాళి కట్టేటప్పుడు ముల్లు సరిగ్గా గట్టిమేళం దగ్గర పెట్టడం ఆయనకు తప్ప ఎవరికీ రాదు. గట్టిమేళం ఎందుకో చెప్పనక్కర్లేదు. ఆ ఘడియలో ఎవరైనా తుమ్మినా, చెడ్డమాట అన్నా అది పెళ్లికూతురి చెవిన పడకూడదని.

నేను వక్కాకు పళ్లెం తీసుకుని గుట్టకిందపల్లికి పోయాను. దాసమ్మ తిన్నె మీద లేదు. లోపల నుంచి దగ్గు వినిపించింది.

"అమ్మకు పది దినాలుగా బాగలేదు లింగప్పా. ఆయాసం. డాక్టరు మందిచ్చినాడు, భయం లేదన్నాడు" అన్నాడు బొమ్మన్న.

"అట్లయితే ఇంకెవరినన్నా చూస్తా బొమ్మన్నా" అన్నాను. నోటిమాటకే అన్నాను. ఇంకెవరూ లేరని ఇద్దరికీ తెలుసు.

"వద్దులేప్పా. గంగాదేవి నా ఎదురుగా పెరిగిన బిడ్డ. వస్తా. ఒకటే మాట. మిషన్ కాడ కూసుంటే నాకు పక్కన పిడుగు పడినా వినపడదు. మా ఇంటి తట్టు నుంచి ఎవురన్నా వస్తే నువ్వే నాకు చెప్పాల."

"చెప్తా బొమ్మన్నా. దేవునిసాక్షి."

ఆయన వక్కాకు తీసుకుని కళ్లకద్దుకున్నాడు. హారన్ ఏ తట్టు తిప్పాలంటే, నేను కూడా అందరిలాంటివాణ్ణే, సంబంధం వదులుకున్నవాళ్ల ఊరి తట్టు తిప్పమన్నాను.

పెళ్లినాడు తెల్లవారేసరికి కానుగాకు పందిరి వేశాం. ఒక హారన్ చింతచెట్టుకు కట్టాడు, నేను చెప్పిన వైపు. రెండోది మిద్దె మీద, గుట్టకిందపల్లి వైపు. పశువుల్ని కట్టే గాటిపాడు మూలలో బెంచీ వేసుకుని, పక్కన రికార్డుల పెట్టె పెట్టుకుని కూర్చున్నాడు. దేవుడి పాటలతో మొదలుపెట్టాడు. పదీ నలభైకి ముహూర్తం.

తొమ్మిది గంటలప్పుడు ఊరి మొగదల నీళ్ల బిందెలు దించిస్తున్నాను. వంక వైపు నుంచి ఒక సైకిలు వచ్చింది. నల్లమ్మ తమ్ముడు చిన్నరంగప్ప. చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయింది.

"అన్నా, బావను పంపీయల్ల. అత్త ఎగూపిరి తీస్తాండాది. అక్క బిరీన రమ్మనింది" అన్నాడు.

నాకు భయం పుట్టింది. అది దాసమ్మ కోసం కాదు, అదే చెప్పుకోవాలి. ఇప్పుడు మైకు నిలిచిపోతుందే, శ్రీరామప్పకు ఏం చెప్పాలి అని. మా మేనత్త కరియమ్మ పక్కనే ఉంది. చెయ్యి పట్టి నన్ను గోడ చాటుకు లాగింది.

"ఒరే లింగా, తాళి పడకముందు చావు మాట పందిట్లోకి రాగూడదు. మోగే మేళం నడిమధ్యన నిలిస్తే పిల్లకే కీడు. ఇంగ గంటన్నర కదా? ఆ ముసలామె ఎన్నితూర్లు ఎగూపిరి తీయలేదు, ఎన్నితూర్లు లేసి కూసోలేదు?"

తప్పు అత్త మీదికి తోయడానికి ఇది రాయడం లేదు. ఆమె తనకు తెలిసింది చెప్పింది. వినాల్సిన పని నాకు లేదు. బొమ్మన్నకు మాట ఇచ్చింది నేను.

"నేను బావకు చెప్తాలే. నువ్వు ఎండన పడి వచ్చినావు, ముందు కూసో" అని చిన్నరంగప్పను ఇంటి వెనక్కి తీసుకుపోయి ఆకు వేయించాను. "అన్నా, ఒక్క మాట బావకు..." అన్నాడు. "నేను చెప్తానంటి కదా" అన్నాను, కొంచెం గట్టిగానే. అన్నం, పప్పు, పాయసం వడ్డించారు. ఆ ఏడు మా తట్టు ఇళ్లలో రోజూ రెండుపూటలా సంగటి ఉంటే గొప్ప. అతను నా మొహం చూశాడు, ఆకు చూశాడు. తిన్నాడు. తిన్నాక నా మాట దాటలేక వెనకే కూర్చుండిపోయాడు. అతన్ని ఏమీ అనలేను.

ముందుకు వచ్చేసరికి బొమ్మన్న నావైపే చూస్తున్నాడు. పందిట్లో పాట హోరు. ఆయనతో మాట్లాడాలంటే చెవిలో అరవాలి, లేకుంటే చేతులతో చెప్పాలి. ఆయన చెయ్యి పైకెత్తి, అరచెయ్యి తిప్పి, తలతో తన ఊరి వైపు చూపించాడు. ఏంది, ఏమన్నా కబురా అని.

నేను చెయ్యి ఎత్తి అటూ ఇటూ ఊపాను. ఏమీ లేదు, పాట వెయ్యమని.

ఆయన మొహం తేటపడింది. నవ్వి ఇంకొక రికార్డు తీశాడు. ఆ నవ్వు నా కళ్ల ముందు నుంచి ఎన్నేళ్లైనా పోలేదు.

పదీ నలభైకి తాళి పడింది. గట్టిమేళం సరిగ్గా తాళి ఎత్తిన క్షణాన మోగింది. అక్షింతలు పడ్డాయి. శ్రీరామప్ప నా భుజం తట్టి "భేష్" అన్నాడు. నాకు గర్వంగా అనిపించింది. అప్పటికి గంటన్నరైంది. ఇక చెప్పొచ్చు. మొదటి పంక్తి లేస్తే చెప్తాననుకున్నాను. పంక్తి లేచింది. అంతలో మగపెళ్లివారు పెళ్లికొడుకును బంతులాటకు కూర్చోబెట్టి, మంచి పాటలు వెయ్యమన్నారు. అది అయిపోతే చెప్తాననుకున్నాను. తాళి పడేదాకా అంటే అత్త చెప్పిన కీడు ఉంది. ఆ తర్వాతి గంటన్నరకు ఏ కీడూ లేదు, ఏ శాస్త్రమూ లేదు. కేవలం నాకు చెప్పడానికి నోరు రాలేదు. ఆలస్యం అయినకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది.

పన్నెండు దాటాక పోయి ఆయన చెవిలో అరిచాను. "చిన్నరంగప్ప వచ్చినాడు. అమ్మకు బాగలేదంట."

"ఎప్పుడొచ్చినాడు?"

"ఇప్పుడే."

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. నాకంత కష్టం పట్టలేదు, బొమ్మన్నతో రెండే ఆడాను. ఒకటి చేత్తో, ఒకటి నోటితో.

బొమ్మన్న చెప్పులు కూడా వేసుకోలేదు. మిషన్ వైపు చూడనైనా చూడలేదు. చిన్నరంగప్ప తెచ్చిన సైకిలే ఎక్కి వంక దారి పట్టాడు. రికార్డు తిరుగుతూనే ఉంది. అది అయిపోయాక మగపెళ్లివారిలో ఎవరో లేచి ఇంకొకటి వేశారు. ఆపండి అని నేను అనొచ్చు. రెండో పంక్తి భోంచేస్తోంది, శ్రీరామప్ప తాళం వేస్తున్నాడు. నేను అనలేదు. బొమ్మన్న ఇల్లు చేరేదాకా వెనక నుంచి ఆయన మైకే ఆయన్ను తరుముతూ పోయింది.

ఆయన గడప తొక్కేసరికి దాసమ్మ పోయి కొంచెంసేపైంది. నోట్లో తులసినీళ్లు కోడలే పోసింది.

పొద్దు వాలేవేళకు నేను పోయాను. పోకుండా ఉంటే అనుమానం వస్తుందని కూడా ఒక ఆలోచన ఉంది, దాచను. నల్లమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. నన్ను చూడగానే ఏడుపు ముంచుకొచ్చింది. నా సంగతి ఆమెకు తెలియదు. దగ్గరివాణ్ణి కాబట్టి చెప్పుకుంది.

"పొద్దున్నించీ ఒకటే మాట అన్నా. మైకు నిలిచిందా అనేది. లేదత్తా, ఇంగ నిలుస్తాది అంటాన్నా. మళ్ల కొంచేపటికి, నిలిచిందా? కడాకు నాకే తాళలేక, నిలిచిందత్తా, బయల్దేరినాడు, వస్తాండాడు అన్నా. పాట ఈడికి వినపడతానే ఉండాది. ఆమె నా చెయ్యి పట్టుకోని, 'నాకు వినపడతానే ఉండాది కదే' అనింది. అంతే అన్నా. మళ్ల మాట్లాడలేదు."

నేను ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు.

పూడ్చే గుంత దగ్గర ఆ ఊరి పెద్దమనిషి కదిరయ్య అందరూ వినేలాగే అన్నాడు. "తల్లి ఎగూపిరి తీస్తాంటే ఈడు పాటలు పెట్టుకోని కూసున్నాడు. మనిషిని పంపి మూడు గంటలు చూస్తిమి. వక్కాకు పెద్దదా, తల్లి పెద్దదా?"

బొమ్మన్న తల వంచుకుని నిలబడ్డాడు. కబురు ఇప్పుడే అందిందని అనలేదు, ఆలస్యంగా అందిందని అనలేదు. చిన్నరంగప్ప నేల చూస్తున్నాడు. నేను పదడుగుల దూరంలో గుప్పిట్లో మట్టి పట్టుకుని ఉన్నాను. "ఆయనది తప్పు లేదు, నేనే చెప్పలేదు" అనడానికి అంతకన్నా మంచి సమయం నాకు మళ్లీ దొరకలేదు. మట్టి వేసి ఇంటికి వచ్చేశాను.

నాలుగు నెలలు ఆయన మైకు ముట్టలేదు. తర్వాత మళ్లీ వక్కాకు పట్టాడు. మనిషి అదే మనిషి, హారన్ ఏ తట్టు అని అడగడం అదే అడగడం. రెండే మారాయి. రెండో హారన్ గుట్టకిందపల్లి వైపు తిప్పడం మానేశాడు. మధ్యలో మైకు నిలపడం మొదలుపెట్టాడు. నిలిపినప్పుడు ఊరికే కూర్చునేవాడు కాదు. లేచి నిలబడి పందిరి అంచులన్నీ ఒకసారి కలయజూసేవాడు. మిషన్ మీద చెయ్యి వేసి వేడి చూసినట్టు నటించేవాడు కూడా కాదు. జనం పట్టించుకోలేదు గాని, నేను పోయిన ప్రతి పెళ్లిలోనూ చూశాను. ఆయన చూపు నా మీద పడకముందే తల పక్కకు తిప్పుకునేవాణ్ణి.

చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. బోరు ఎండిపోయిన ఏడు అనుకున్నాను, శెనక్కాయ బాగా పండిన ఏడు అనుకున్నాను. హొసకోట సంతలో ఎదురుపడితే "చేను ఎట్లుండాది లింగప్పా?" అని ఆయనే పలకరించేవాడు. చేను సంగతి చెప్పి వచ్చేసేవాణ్ణి. తొంభై ఆరు, ఏడు వచ్చేసరికి పావగడ నుంచి టెంపోలో పెద్ద పెద్ద బాక్సులు, రంగులైట్లు దిగడం మొదలైంది. వాళ్లకు ఫోను చేస్తే చాలు, వక్కాకు అక్కర్లేదు. వాళ్ల మిషన్లు కాగవు. బొమ్మన్నను పిలిచేవాళ్లు తగ్గిపోయారు. హారన్లు ఇంటి చూరు కింద గోతాం కప్పుకుని ఉండేవి.

తొంభై ఎనిమిదిలో గంగాదేవి పెద్దకూతురు పెద్దమనిషైంది. మా ఇంట్లోనే వేడుక చేద్దామన్నాం. గంగాదేవి బాక్సులు వద్దంది. "నా పెండ్లికి పెట్టిన బొమ్మన్న మైకే పెట్టియ్యన్నా. అప్పుడు మేళం ఎంత బాగా మోగె" అంది. దానికి ఏమీ తెలియదు. నేను ఇక తప్పించుకోలేక పళ్లెంలో వక్కాకు పెట్టుకుని గుట్టకిందపల్లికి పోయాను.

బొమ్మన్న దాసమ్మ కూర్చునే తిన్నె మీద కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసింది. నేను పళ్లెం ముందు పెట్టాను. మామూలుగా ఏ దినం అని అడిగాడు. నేను దినం చెప్పలేదు. పన్నెండేళ్లుగా మింగింది అంతా ఒకటేసారి కక్కేశాను. చిన్నరంగప్ప తొమ్మిదికే వచ్చాడని, నేను చెయ్యి ఊపానని, తాళి పడ్డాక కూడా చెప్పలేదని, ఇప్పుడే అన్నది అబద్ధమని. చెప్తూ ఏడ్చాను. ఏడిస్తే బరువు దిగుతుందంటారు. నాకు దిగలేదు.

ఆయన పళ్లెం వైపు చూస్తూ అన్నాడు.

"తెలుసు లింగప్పా. పదకొండో దినమే రంగప్ప చెప్పినాడు. ఆ పొద్దు నుంచి వాడు పాయసం ముట్టడు."

"తెలిసీ నన్ను ఒక్క మాట అడగకపోతివే?"

"అడిగితే ఏమంటావు? తప్పైంది అంటావు. ఇప్పుడంటివి కదా. దాన్ని తీస్కోని నేనేం చేసుకోవాల?"

నల్లమ్మ నీళ్లు తెచ్చి పెట్టి నా మొహం చూడకుండా లోపలికి పోయింది. ఆమెకూ తెలుసన్నమాట.

"కోపం లేదనను" అన్నాడు బొమ్మన్న. "ఉండాది. కానీ నన్ను తినేది అది కాదు. నేను వక్కాకు పట్టినోన్ని కదప్పా. నువ్వు ఆ పొద్దు తొమ్మిదికే చెప్పుంటే, నేను మిషన్ నిలిపి లేసి పోతాంటినా, తాళి పడనీలే అని కూసుంటాంటినా? పన్నెండేండ్లుగా అదే చూసుకుంటాండా. ఒగ దినం పోయేవాన్నే అనిపిస్తాది. ఒగ దినం కూసుండేవాన్నేమో అనిపిస్తాది. కదిరయ్య అన్న మాట నిజమా అబద్ధమా, నాకే తెల్దు. అది తెలిసే పొద్దు నాకు ఒకటే ఉన్నింది. దాన్ని నువ్వు నాకు ఈయకపోతివి."

అంతకన్నా గట్టిగా ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

నేనే అడిగాను. "మిషన్ నిలిపేది..."

"ఎవురన్నా ఎవురికోసరమన్నా వచ్చి అంచున నిలబడి ఉంటారేమో. పిలిస్తే వినపడాల గదా" అన్నాడు. ఆ తర్వాత పళ్లెం దగ్గరికి లాక్కుని వక్కాకు తీసుకున్నాడు. కళ్లకద్దుకున్నాడు. "గంగాదేవి బిడ్డ వేడుక. ఎందుకు రాను? హారన్ ఏ తట్టు తిప్పాల?"

"నీ ఇష్టం బొమ్మన్నా" అన్నాను.

వేడుకనాడు పొద్దున్నే వచ్చాడు. అదే గాటిపాడు మూల, అదే బెంచీ. మిద్దె ఎక్కి రెండో హారన్ కట్టాడు. దాని మూతి గుట్టకిందపల్లి వైపు తిప్పాడు. పన్నెండేళ్ల తర్వాత అది ఆ వైపు తిరగడం కింది నుంచి చూశాను. వినేవాళ్లు ఆ తిన్నె మీద లేరు.

పిల్లను పీట మీద కూర్చోబెట్టారు. ముత్తైదువలు పసుపు రాస్తున్నారు. మేనమామను కాబట్టి నేను చీర పళ్లెం పట్టుకుని పందిరి కింద నిలబడ్డాను. పాట మంచి ఊపులో ఉంది. ఉన్నట్టుండి మైకు నిలిచింది. పిల్లలు గోల చేశారు. "మళ్ల కాగిందప్పా వీని మిషన్" అని ఎవరో నవ్వారు. ఆ తర్వాత నిశ్శబ్దంలో గాజుల చప్పుడు, దూరంగా ఎవరిదో ఎద్దు మెడగంట వినిపించాయి.

బొమ్మన్న లేచి నిలబడి పందిరి అంచులన్నీ చూశాడు. చివరికి నావైపు చూశాడు. ఈసారి నేను తల తిప్పుకోలేదు. ఆయన చెయ్యి పైకెత్తి, అరచెయ్యి తిప్పి, తలతో తన ఊరి వైపు చూపించాడు. ఏంది, ఏమన్నా కబురా అని.

ఈసారి నిజంగానే ఏ కబురూ లేదు. ఆ మాట చెప్పాలంటే ఆనాటిలాగే చెయ్యి ఎత్తి ఊపాలి. పందిట్లో వాళ్లంతా నన్నే చూస్తున్నారు. ఆయన ఎదురుచూస్తున్నాడు. నా చెయ్యి లేవలేదు.